సాంగో భాష పుట్టుక – వలసపాలన – సంఘము: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

ఆఫ్రికా ఖండము నడిబొడ్డున ఉన్న మధ్య ఆఫ్రికా గణతంత్రములో దాదాపు 70 భాషలు మాట్లాడే ప్రజలు ఉన్నారు. అయినప్పటికీ రాజధాని బాంగీ నగరములో సంతలో బేరమాడేవారు, ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగులు, ఆదివారము ఆరాధనలో మోకరించిన విశ్వాసులు ఒకరితో ఒకరు మాట్లాడుకొనే భాష ఒక్కటే. దాని పేరు సాంగో. ఈ భాషకు 1964లో జాతీయ భాష హోదా, 1991లో ఫ్రెంచితోపాటు అధికార భాష హోదా లభించాయి. వలసపాలన అనుభవించిన ఆఫ్రికా దేశములలో ఒక స్వదేశీ భాష ఇంతగా దేశమంతటా వ్యాపించిన సందర్భాలు బహు తక్కువ.

ఈ భాష చరిత్రతో వేదాంత విద్యార్థులకు, సంఘకాపరులకు ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చు. మిషన్ చరిత్ర తరగతులలో మనము తరచుగా వినే ఒక సూత్రము ఉన్నది: సువార్త ప్రతి జనమునకు తన మాతృభాషలో అందవలెను, మాతృభాషలో అందినప్పుడే అది హృదయమును తాకును, మిషనరీల అనువాదములే ఆ జనములకు ఆత్మగౌరవము నిచ్చెను. ఈ సూత్రములో సత్యమున్నది. కాని సాంగో విషయములో ఇది యథాతథంగా వర్తించదు. సాంగోలో లేఖనములు అనువదింపబడిన నాటికి దేశములోని అత్యధికులకు అది మాతృభాష కాదు. అది తెడ్లు వేసేవారు, బరువులు మోసే కూలీలు, సిపాయిలు మాట్లాడిన భాష. వలసాధికారి ఆజ్ఞ గ్రామమునకు చేరిన భాష. అట్టి భాషలో దేవుని వాక్యము పలికినప్పుడు ఏమి జరిగెను? ఈ ప్రశ్నను పట్టుకొని, సాంగో పుట్టుకను గూర్చి పండితులు చెప్పిన రెండు ప్రధాన వాదములను పరిశీలించి, అందులో మిషనుల పాత్రను అంచనా వేయుట ఈ వ్యాసము ఉద్దేశము.

2. నది, పడవలు, పనివారు

సాంగో భాషకు మూలము ఉబాంగి నదీతీరములో మాట్లాడే న్‌గ్బాండి భాషా కుటుంబము. యకోమా, సాంగో అనబడే నదీతీర ప్రజలు ఆ కుటుంబమునకు చెందినవారు. వీరు చేపలు పట్టుటలోను, పడవలు నడుపుటలోను నేర్పరులు. నేటి జాతీయ భాషకు పేరు వచ్చినది ఈ నదీతీరపు సాంగోల నుండియే.

యూరోపియనులు ఈ నదిపైకి వచ్చినది 19వ శతాబ్దము చివరి భాగములో. బాప్టిస్టు మిషనరీ జార్జి గ్రెన్‌ఫెల్ 'పీస్' అను ఆవిరి పడవమీద 1885లో ఉబాంగిలో ప్రయాణించి, నేటి బాంగీ దగ్గరనున్న రాతి ప్రవాహముల వరకు చేరెను. బెల్జియం రాజు రెండవ లియోపోల్డు తరపున వచ్చిన వాన్ గేల్ 1887–88లో ఆ ప్రవాహములను దాటి ఇంకను పైకి వెళ్ళెను. 1889లో ఫ్రెంచివారు బాంగీలో స్థావరము ఏర్పరచుకొన్నారు. ఇక్కడ ఒక భౌగోళిక విషయమును గమనించవలెను. బాంగీ దగ్గర రాళ్ళవలన పెద్ద ఆవిరి పడవలు సులభముగా పైకి పోలేవు. అక్కడినుండి సరుకులు, సైనికులు, తుపాకులు అన్నియు చెట్టు మానును తొలిచి చేసిన పడవలలోనే పోవలెను. ఆ పడవలను నడుపగలవారు యకోమాలు, సాంగోలు, వారి పొరుగు నదీజనులు. ఫషోడాకు బయలుదేరిన మార్షాన్ దండయాత్ర కూడ 1897లో ఈ మార్గమున పోయినదే.

అయితే యూరోపియనులు ఒంటరిగా రాలేదు. వారి వెంట వందలాది ఆఫ్రికా పనివారు వచ్చారు. సెనెగల్ సిపాయిలు, కాంగో నది దిగువ ప్రాంతములనుండి వచ్చిన కూలీలు, బంగాలా అని పిలువబడిన సైనికులు, తూర్పు తీరమునుండి తేబడిన జాంజిబారు మనుష్యులు వారిలో ఉన్నారు. వీరెవరికిని న్‌గ్బాండి రాదు. నదీజనులకు వీరి భాషలు రావు. ఆహారము కొనవలెను, తెడ్లు వేయువారిని కుదుర్చుకొనవలెను, దారి అడుగవలెను. ఈ అవసరములోనుండి ఒక వ్యవహార భాష బలపడెను.

3. రెండు వాదములు

సాంగో పుట్టుకను గూర్చి అత్యధికముగా వ్రాసినవారు విలియమ్ సమరిన్. బ్రదరెన్ మిషన్ పక్షాన ఆ దేశములో మిషనరీగా పనిచేసి, తరువాత టొరంటో విశ్వవిద్యాలయములో భాషాశాస్త్రము బోధించిన ఈయనను మన విద్యార్థులు వేరొక సందర్భములో ఎరిగియుండవచ్చు. అన్యభాషలను గూర్చి 1972లో వెలువడిన 'టంగ్స్ ఆఫ్ మెన్ అండ్ ఏంజెల్స్' గ్రంథకర్త ఈయనే. 1967లో సాంగో వ్యాకరణమును, 1989లో 'ద బ్లాక్ మ్యాన్స్ బర్డెన్' అను గ్రంథమును ప్రచురించారు. రెండవది 1880–1900 మధ్య కాంగో, ఉబాంగి నదులమీద వలసపాలకులకు పనిచేసిన ఆఫ్రికా కూలీల చరిత్ర. సమరిన్ వాదము క్లుప్తముగా ఇది: యూరోపియనులు రాకముందు సాంగో అను అనుసంధాన భాష లేదు, వారి వెంట వచ్చిన పరదేశ ఆఫ్రికనులు, స్థానిక నదీజనులు కలిసిన కొద్ది సంవత్సరములలోనే న్‌గ్బాండి మాటలతో ఒక పిడ్జిన్ ఏర్పడెను, నేటి సాంగో దాని సంతానము.

రెండవ వాదము మధ్య ఆఫ్రికాకే చెందిన భాషావేత్త మార్సెల్ డికి-కిడిరిది. చార్లెస్ మోరిల్ వంటి పరిశోధకులు కూడ ఇదే వైపు నిలిచారు. వీరి ప్రకారము నదీతీరపు వర్తకములో న్‌గ్బాండి మాండలికము ఒకటి వలసపాలనకు ముందే పొరుగు జనుల మధ్య అనుసంధాన భాషగా ఉండెను. వలసపాలన దానిని కనిపెట్టలేదు. ఉన్నదానిని వాడుకొని విస్తరింపజేసెను. సాంగోలో కనబడే మార్పులను వివరించుటకు పిడ్జిన్, క్రియోల్ అను సిద్ధాంతములు అవసరము లేదు. సాధారణ భాషా పరిణామము చాలును.

ఈ వాదము కేవలము పండితుల తగవు కాదు. తన దేశపు భాష తెల్లవాడు వచ్చిన తరువాత పుట్టిన సంకర భాష అని వినుట ఒక మధ్య ఆఫ్రికనుకు ఎట్లుండునో ఊహించవచ్చును. 'పిడ్జిన్' అను మాటకు శాస్త్రములో నిందార్థము లేకపోయినను లోకములో ఉన్నది. మరొకవైపు, వలసపాలనకు ముందే అంతా ఉన్నదనుట వలన కూలీల చెమటతో, భయముతో ఏర్పడిన ఒక చరిత్ర మరుగున పడిపోవు ప్రమాదమున్నది.

4. మాటలు చెప్పే సాక్ష్యము

ఈ రెండింటిని తూచుటకు భాషలోని మాటలనే అడిగి చూడవలెను. సాంగోలో సోమవారమును 'బికువా-ఓకో' అంటారు. 'కువా' అనగా పని, 'ఓకో' అనగా ఒకటి. మంగళవారము రెండవ పనిదినము. ఇట్లు శుక్రవారము వరకు అయిదు పనిదినములు లెక్కింపబడును. శనివారము 'లాపోసో'. 'పోసో' అనగా కూలీకి వారమునకొకసారి కొలిచి ఇచ్చే తిండి బత్తెము. అది కాంగో ప్రాంతపు కూలీల వాడుకనుండి వచ్చిన మాట. ఆదివారము 'లాయెంగా', 'యెంగా' కూడ నది దిగువ భాషలనుండి వచ్చినదే, పండుగ అని దాని అర్థము. అనగా సాంగో వారము పని, బత్తెము, ఆరాధన అను మూడింటితో కట్టబడినది. ఈ వారము ఏ పూర్వపు న్‌గ్బాండి గ్రామములోనిదియు కాదు. వలస స్థావరములోనిది, మిషన్ ప్రాంగణములోనిది.

మరికొన్ని మాటలు చూడుడి. రోగము అను అర్థమిచ్చు 'కోబేలా' దిగువ నదీ భాషలలో క్రియారూపము. 'కో' అను ఉపసర్గతో సహా నామవాచకముగా సాంగోలోనికి వచ్చి చేరెను. అక్కడి వ్యాకరణము తెలియనివారు విన్నది విన్నట్లు తీసికొన్నారన్నమాట. సిపాయికి 'తురుగు' అను మాట 'తురకవాడు' అను అర్థమునుండి ఉత్తర, తూర్పు మార్గముల గుండా వచ్చెను. డబ్బుకు 'న్‌గింజా' అను మాటయైతే ఆ ప్రాంతములో పూర్వము చెలామణియైన ఇనుప నాణెమును జ్ఞాపకము చేయును. అది స్వదేశీయ వర్తకపు గుర్తు.

ఈ సాక్ష్యమునుండి ఏమి తేలును? సమరిన్ చెప్పిన కూలీల పొర వాస్తవమని తేలును. కాని ఆ పొర క్రింద పూర్వపు వర్తక భాష ఏదియు లేదని మాత్రము ఇది రుజువు చేయదు. అరువు మాటలు పై పొర వయస్సును చెప్పగలవు గాని పునాది వయస్సును చెప్పలేవు. సమరిన్ ప్రధాన ఆధారము యూరోపియనుల ఉత్తరములు, దినచర్యలు, నివేదికలు. వాటిలో పూర్వపు అనుసంధాన భాష ప్రస్తావన కనబడకపోవుట ఆయనకు బలమైన ఆధారముగా కనిపించెను. అయితే ఆ తొలి అధికారులు ఒక భాషనుండి మరొక భాషను వేరుచేసి గుర్తించగల స్థితిలో లేరు. వారి మౌనమును నదీజనుల మౌనముగా పరిగణించుట న్యాయము కాదు. డికి-కిడిరి పక్షమువారికి వేరొక లోపమున్నది: పూర్వపు వర్తక భాష ఉన్నదని అంగీకరించినను, నదికి దూరముగా అడవులలో, పచ్చిక మైదానములలో నివసించే బాండా, గ్బాయా, మాంజా జనుల యొద్దకు అది ఎందుకు చేరెనో వర్తకము ఒక్కటే చెప్పలేదు. అక్కడికి దానిని మోసికొనిపోయినది వలసపాలన.

కావున పుట్టుకను గూర్చిన ప్రశ్నను రెండుగా విడదీయుట మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. బీజము ఎప్పటిదను ప్రశ్న ఒకటి. అది దేశభాషగా ఎట్లు మారెనను ప్రశ్న వేరొకటి. మొదటిదానిలో డికి-కిడిరి వాదమునకు తగిన చోటున్నది. రెండవదానిలో సమరిన్ సేకరించిన కూలీల చరిత్రను త్రోసివేయుట సాధ్యము కాదు. ఇంకొక మాట. సమరిన్ వాదము ప్రకారము కూడ సాంగోను నిర్మించినది తెల్లవారు కాదు, ఆఫ్రికా పనివారే. దాని వ్యాకరణము సంపూర్ణముగా ఆఫ్రికాదే. కావున ఆ వాదము ఆఫ్రికనులకు అవమానమని తలంచనవసరము లేదు.

5. ఆజ్ఞల భాష

ఆ భాష ఏ పరిస్థితులలో లోపలి ప్రాంతములకు పాకెనో మనము దాటిపోరాదు. 1899లో ఫ్రెంచి ప్రభుత్వము ఫ్రెంచి కాంగో భూభాగమును 40 కంపెనీలకు పంచి ఇచ్చెను. రబ్బరు, ఏనుగు దంతము వాటికి కావలెను. ప్రజలమీద తలపన్ను విధింపబడెను. చాద్ దిశగా పోవు సైన్యములకు సరుకులు మోయుటకు మాంజా జనులు బలవంతముగా కూలీలుగా పట్టబడిరి. గ్రామములు ఖాళీయయ్యెను, పొలములు బీడుపడెను. పురుషులు రబ్బరు తెచ్చునంతవరకు వారి భార్యలను, పిల్లలను బందీలుగా ఉంచిరి. 1904లో మోంగూంబా ప్రాంతమునుండి తెచ్చి బాంగీలో బంధించినవారిలో 45 మంది స్త్రీలు, ఇద్దరు పిల్లలు చనిపోయిరి. ఈ దారుణములను విచారించుటకు 1905లో వచ్చిన బ్రాజా తిరుగు ప్రయాణములో డకార్‌లో మరణించెను. ఆయన బృందము సేకరించిన సమాచారముతో తయారైన నివేదికను ప్రభుత్వము మరుగున పెట్టెను. అది ప్రజలకు పుస్తకరూపములో అందినది 2014లోనే.

సాంగో వ్యాపించినది ఈ కాలములోనే. సైన్యములో, పోలీసు దళములో, బరువులు మోసే దారులలో వేర్వేరు జనములు కలిసినప్పుడు వారి మధ్య నిలిచిన భాష అది. అధికారి ఫ్రెంచిలో చెప్పిన ఆజ్ఞ సిపాయి నోట సాంగోగా గ్రామమునకు చేరెను. అయినను ఫ్రెంచి ప్రభుత్వము సాంగోను ఎన్నడును ఆదరించలేదు; పాఠశాలలలో ఫ్రెంచియే బోధనా భాష. సాంగోను నేర్చుకొన్న అధికారులు లేకపోలేదు. ఫ్రెంచి గయానాకు చెందిన నల్లజాతి అధికారి ఫెలిక్స్ ఎబువే 1918లో సాంగో, బాండా, బాయా, మాంజా భాషలమీద వ్యాకరణాంశములతో కూడిన పుస్తకము ప్రచురించెను. కాని అది పాలనకు పనికివచ్చు పరికరముగానే ఎంచబడెను.

బెల్జియం కాంగోలో స్వాహిలీ భాషను గూర్చి 1986లో వ్రాసిన గ్రంథములో యొహానెస్ ఫేబియన్, వలసపాలకులు, మిషనరీలు భాషను వర్ణించుట ద్వారానే దానిని అదుపు చేసికొన్నారని వాదించెను. సాంగో విషయములో ఈ విమర్శ సగమే వర్తించును. ప్రభుత్వము సాంగోను అదుపు చేయుటకు పూనుకొనలేదు, నిర్లక్ష్యము చేసెను. ఆ నిర్లక్ష్యము వలననే కూలీలు, సంతలోని స్త్రీలు, నగరపు పిల్లలు దానిని తమ ఇష్టప్రకారము పెంచుకొనగలిగిరి. అక్షరరూపము మాత్రము మిషనుల చేతిలో ఏర్పడెను.

6. మిషనులు, అనువాదము

కతోలిక పరిశుద్ధాత్మ సభ గురువులు 1894లో బాంగీలో సెయింట్ పాల్ మిషనును స్థాపించారు. ఆ సభకు చెందిన ఫాదర్ కలోక్ 1911లో ఫ్రెంచి–సాంగో పదకోశమును ప్రచురించెను. దాని ఉపశీర్షికలో సాంగోను ఉబాంగి-షారి ప్రాంతపు వర్తక భాషగా పేర్కొనెను. 'వర్తక భాష' అను ఆ బిరుదు అనేక సంవత్సరములు దానిని విడువలేదు.

ప్రొటెస్టంటు మిషనులు 1920 తరువాత ప్రవేశించెను. 1920లో విలియమ్ హాస్ స్థాపించిన బాప్టిస్ట్ మిడ్-మిషన్స్, జేమ్స్, ఫ్లారెన్స్ గ్రిబుల్ దంపతుల నాయకత్వములో వచ్చిన బ్రదరెన్ మిషన్ వాటిలో ముఖ్యమైనవి. బ్రదరెన్ వారు పనిచేసిన వాయవ్య ప్రాంతము నదికి బహు దూరము. అక్కడి కారె, గ్బాయా జనులకు సాంగో పరభాష. మిషనరీల యెదుట రెండు మార్గములుండెను. ప్రతి జనముయొక్క భాషను నేర్చి అందులో లేఖనములను అనువదించుట ఒకటి. అది తరములు పట్టును. సగము తెలిసినదైనను అన్నిచోట్ల వినబడే భాషలో త్వరగా అనువదించుట రెండవది. వారు ప్రధానముగా రెండవదానిని ఎన్నుకొన్నారు. 1930లలో సాంగో క్రొత్త నిబంధన, 1966లో సంపూర్ణ బైబిలు వెలువడెను. 'మ్‌బేటి తి న్‌జాపా' అని దానికి పేరు. 'మ్‌బేటి' అనగా కాగితము, ఉత్తరము, పుస్తకము. 'న్‌జాపా' అనగా దేవుడు.

ఈ ఎన్నికను ఎట్లు తూచవలెను? దాని లాభములు స్పష్టమే. చీటి, పన్ను రసీదు, అధికారి హుకుము మాత్రమే 'మ్‌బేటి'గా ఎరిగిన గ్రామస్థుడు, అదే మాటతో దేవుని గ్రంథమును పిలువసాగెను. ఒకే గ్రంథము, ఒకే కీర్తనలు వేర్వేరు జనుల సంఘములను ఏకము చేసెను. ఫ్రెంచి రానివాడు కూడ చదువరి, బోధకుడు, సంఘపెద్ద కాగలిగెను.

నష్టములను కూడ చెప్పవలెను. మొదటిది, సాంగో పలుకుబడిలో మూడు స్వరస్థాయిలున్నవి. స్వరము మారినచో అర్థము మారును. సంఘముల లిపిలో వాటికి గుర్తులు లేవు. పైగా ప్రొటెస్టంటుల వ్రాత ఒక విధము, కతోలికుల వ్రాత వేరొక విధము. స్వరముల గుర్తులతో కూడిన ఏకరూప లిపి ప్రభుత్వ డిక్రీ ద్వారా 1984లో వచ్చెను. ఒకే జనమునకు రెండు వ్రాతలిచ్చుట సంఘముల ఐక్యతకు మంచి సాక్ష్యము కాదు. రెండవది, సాంగో వ్యాపించినకొలది అనేక మాతృభాషలు గుడి బయటనే నిలిచెను. తల్లి లాలిపాడిన భాషలో ప్రార్థించుట అనాగరికమను భావన పెరుగుటకు సంఘమే ఒక కారణమయ్యెను. అయితే అందరు మిషనరీలు మాతృభాషలను విడిచిపెట్టిరనుట తప్పు. సమరిన్ 1966లో గ్బేయా భాషమీద కూడ విపులమైన గ్రంథము ప్రచురించెను.

7. మాతృభాషా సిద్ధాంతమునకు ఒక సవరణ

గాంబియా దేశీయుడైన లామిన్ సన్నే 1989లో ప్రచురించిన 'ట్రాన్స్‌లేటింగ్ ద మెసేజ్' గ్రంథము మన సెమినరీలలో ఆదరణ పొందినది. దేశభాషలలోనికి అనువాదము వలసవాదమునకు తోడ్పడలేదు, పైగా దేశీయులకు తమ్మును తాము తెలిసికొను సాధనమునిచ్చెను అని ఆయన వాదము. సాంగో చరిత్ర ఈ వాదమును కొట్టివేయదు గాని సవరించును. సన్నే దృష్టిలో భాష, సంస్కృతి, జనము ఈ మూడును కలిసియుండును. సాంగోకు వెనుక అట్టి ఒక్క జనము లేదు. అది అనేక జనులు కష్టకాలములో పంచుకొన్న భాష. ఇక్కడ అనువాదము ఒక పాత సంస్కృతిని మేల్కొలుపలేదు. ఇంకను ఏర్పడుచున్న ఒక జనమునకు మాట నిచ్చెను.

లేఖనములలో దీనికి పోలికలు లేకపోలేదు. హిజ్కియా దినములలో అష్షూరు సేనాధిపతి యెరూషలేము గోడ దగ్గర నిలిచినప్పుడు, రాజు మనుష్యులు తమతో అరామీయ భాషలో, అనగా సిరియా భాషలో, మాట్లాడుమని వేడుకొన్నారు (2 రాజులు 18:26). నాడు అది రాయబారుల భాష, సామ్రాజ్యపు భాష. గోడమీది సామాన్యునికి అర్థము కానిది. కొన్ని శతాబ్దముల తరువాత గలిలయలో తల్లులు తమ బిడ్డలతో మాట్లాడినది ఆ అరామీయమే. మన ప్రభువు అరామీయము మాట్లాడెను. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు కూడ అలెగ్జాండరు దండయాత్రల వెంట వ్యాపించిన వ్యవహార భాష. అది పండితుల గ్రీకు కాదని, సామాన్యుల ఉత్తరములలో, రసీదులలో కనబడే గ్రీకేనని అడాల్ఫ్ డైస్‌మన్ ఈజిప్టు పపైరస్ పత్రముల ఆధారముతో నిరూపించెను. భాష పుట్టిన చోటు దాని భవిష్యత్తును బంధించదు.

అయితే లుస్త్రలో జరిగినదానిని కూడ మరువరాదు. పౌలు కుంటివానిని స్వస్థపరచినప్పుడు జనులు లుకయోనియ భాషలో కేకలు వేసిరి (అ.కా. 14:11). పౌలు బర్నబాలను దేవతలని పిలిచి, ఎద్దులను పూదండలను తెచ్చువరకు అపొస్తలులు వారిని ఆపలేదు. ఆ కేకలు వారికి అర్థము కాలేదని అనేక వ్యాఖ్యాతలు గ్రహించిరి. అనుసంధాన భాషలో బోధ జరిగెను, మాతృభాషలో దానికి అర్థము చెప్పుకొనబడెను. ఆ రెండింటి మధ్య పెద్ద అగాధమున్నది. సాంగోలో ప్రసంగము విని, ఇంటికి పోయి గ్బాయాలో దానిని తర్కించుకొనే విశ్వాసి హృదయములో ఏమి జరుగుచున్నదో సాంగో మాత్రమే ఎరిగిన కాపరికి తెలియదు. పెంతెకొస్తు దినమున జనులు విన్నది తాము పుట్టిన భాషలలో (అ.కా. 2:8), అక్కడ చేరినవారిలో అనేకులకు గ్రీకో అరామీయమో తెలిసియున్నను దేవుడు దానితో సరిపెట్టలేదు.

8. 'జో క్వే జో'

సాంగో సామాజిక పాత్రలో అత్యున్నత ఘట్టము బార్తెలెమీ బొగాండా జీవితములో కనబడును. 1910లో జన్మించిన ఈయన పుట్టుకచేత న్‌గ్బాకా జనమునకు చెందినవాడు. సాంగో ఆయన మాతృభాష కాదు. 1938లో ఉబాంగి-షారి దేశీయులలో మొదటి కతోలిక గురువుగా అభిషేకింపబడెను. 1946లో, అనగా ఫ్రెంచి వలసరాజ్యములలో వెట్టిచాకిరి చట్టరీత్యా రద్దయిన సంవత్సరములోనే, ఫ్రెంచి జాతీయ సభకు ఎన్నికయ్యెను. 1949లో మేసాన్ అను రాజకీయ ఉద్యమమును స్థాపించెను. తరువాత గురుత్వమును విడిచి వివాహము చేసికొనెను. 1959 మార్చి 29న విమాన ప్రమాదములో మరణించుటచేత 1960 ఆగస్టు 13న వచ్చిన స్వాతంత్ర్యమును చూడలేకపోయెను.

ఆయన ఉద్యమమునకు ఆధారమైన నినాదము మూడు సాంగో మాటలు: 'జో క్వే జో'. 'జో' అనగా మనిషి, 'క్వే' అనగా ప్రతి, సమస్తము. ప్రతి మనిషియు మనిషే అని దాని భావము. అది నేడు ఆ దేశపు రాజచిహ్నముమీద ఉన్నది. ఈ నినాదమును దేవుని స్వరూపములో సృష్టింపబడిన మానవుని గూర్చిన సిద్ధాంతమునుండి వేరుచేసి అర్థము చేసికొనలేము. సెమినరీలో చదివిన గురువు చెప్పిన మాట అది. ఏ భాషలో మనుష్యులు బరువు మోయు పశువులవలె ఆజ్ఞలు పొందిరో, ఆ భాషలోనే వారు మనుష్యులని ప్రకటింపబడెను. ఫ్రెంచిలో చెప్పియున్నచో అది ఒక చట్ట సూత్రముగా మిగిలియుండును. న్‌గ్బాకాలో చెప్పియున్నచో ఒక తెగ మాటగా వినబడియుండును.

అయినను ఇక్కడ ఆగి సంతోషించుట తొందరపాటగును. ఒకే భాష ఒకే హృదయమును ఇవ్వదు. యకోమా జనమునకు చెందిన మాజీ అధ్యక్షుడు ఆండ్రె కొలింగ్బా 2001 మే నెలలో తలపెట్టిన తిరుగుబాటు విఫలమైన తరువాత, బాంగీలో యకోమాలు అనేకులు చంపబడిరి, వేలమంది నదిదాటి పారిపోయిరి. దేశభాషకు మూలమైన జనమే దేశములో పరాయిదయ్యెను. 2013–14లో సెలెకా, యాంటీ-బలాకా దళముల హింసలో ముస్లిములు, క్రైస్తవులు వేలాదిగా బలియైరి. చంపినవాడును, చంపబడినవాడును మాట్లాడినది సాంగోయే. అదే కాలములో ఆర్చిబిషప్పు న్‌జాపలైంగా, ఇమాము కోబిన్ లయామా, పాస్టరు గెరెకొయామె కలిసి గ్రామగ్రామము తిరిగి సమాధానము ప్రకటించిరి. 2015 నవంబరు 29న పోపు ఫ్రాన్సిస్ బాంగీ కథెడ్రలు ద్వారము తెరచినప్పుడు ప్రజలచేత సాంగోలో పలికించిన మాటలు కూడ ప్రేమ, సమాధానము అనునవే. భాష ఒక వంతెన మాత్రమే. దానిమీద ఎవరు ఏమి మోసికొనిపోవుచున్నారు అన్నదే ముఖ్యము.

9. మన పరిచర్యకు కొన్ని ప్రశ్నలు

తెలుగు రాష్ట్రములలో కోయ గూడెములలో, లంబాడీ తండాలలో, సవర పల్లెలలో మన సంఘములు తెలుగులో బోధించుచున్నవి. అక్కడ తెలుగు చేయుచున్న పని కొంతవరకు సాంగో చేసిన పనివంటిదే. అది తాసీల్దారు కార్యాలయపు భాష, సంత భాష, బడి భాష. ఇంటి భాష మాత్రము కాదు. సాంగో చరిత్ర మనకు రెండు విషయములు నేర్పును. అనుసంధాన భాషలో పరిచర్య చేయుట తక్కువ పని కాదు. దేవుడు అట్టి భాషలను వాడుకొనెను. అయితే అందులో బోధించుటతో మన పని ముగిసినదని తలంచిన కాపరి లుస్త్రలోని కేకలను వినలేడు. ప్రసంగము తరువాత విశ్వాసులు తమలో తాము ఏ భాషలో మాట్లాడుకొనుచున్నారు? ఆ భాషలో ఒక ప్రార్థనయైనను చేయుటకు వారికి ఆలయములో చోటున్నదా? ఆ భాష తెలిసిన యౌవనస్థులను మన సెమినరీలు సిద్ధపరచుచున్నవా?

10. ముగింపు

సాంగో పుట్టుకను గూర్చిన వివాదములో బీజము నదీతీరపు వర్తకములోనిదైనను, దేశమంతటా దాని విస్తరణ వలసపాలనలోని కూలీల కష్టములోనిదే అని ఈ వ్యాసములో చూచితిమి. ఫ్రెంచి ప్రభుత్వము నిర్లక్ష్యము చేసిన ఆ భాషకు మిషనులు అక్షరమునిచ్చెను. దేశీయులు దానికి గౌరవమునిచ్చిరి. మిషనుల పనిని కేవలము వలసవాదమని కొట్టివేయుటయు, కేవలము విమోచనమని పొగడుటయు చరిత్రకు న్యాయము చేయవు. బత్తెమునుబట్టి శనివారమునకు పేరుపెట్టిన భాషలోనే ఆదివారము పండుగయయ్యెను. ఈ రెండు దినములను కలిపి చదువగల చరిత్రకారులే మిషన్ చరిత్రను సరిగా వ్రాయగలరు.